ఏడాది మేయర్ల నగరం

హైదరాబాద్ మేయర్ అనగానే చాలామంది నోట వచ్చే మాట ఒకటే: అది ఉత్సవ విగ్రహం. శంకుస్థాపన ఫలకం మీద పేరు, జెండా పండగ నాడు ప్రసంగం, విదేశీ అతిథి వస్తే పూలగుత్తి. పని చేయించేది కమిషనరు, డబ్బు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. ఈ మాటలో అబద్ధమేమీ లేదు. దాన్నుంచి మనం తీస్తున్న అర్థంతోనే నాకు పేచీ. మేయర్ చేతిలో అధికారాలు లేవు కాబట్టి చార్మినార్ చుట్టూ పెరిగిన ఈ మహానగరానికి పౌర నాయకత్వం రాలేదని తేల్చేస్తున్నాం. రికార్డు చూస్తే అధికారం కన్నా ముందు కరువైంది కాలమని తెలుస్తుంది. 1951లో ఎన్నికైన తొలి మేయర్ నుంచి లెక్క వేసుకుంటే, 1970 నుంచి 1986 దాకా, మళ్లీ 1991 నుంచి 2002 దాకా, ఆ తర్వాత 2007 నుంచి 2009 దాకా, 2014 చివర్లో మొదలై 2016 మొదటి దాకా బల్దియాకు, అంటే నగర కార్పొరేషన్‌కు, ఎన్నికైన పాలకవర్గమే లేదు. అన్నీ కలిపితే ముప్పై ఏళ్ల మాట. పాలకవర్గం ఉన్న కాలంలోనైనా మేయర్ కుర్చీలో ఒక మనిషి కుదురుకున్న ఏళ్లు తక్కువ. ఏడాదికొకరు మారే పదవికి ఎంత అధికారం ఇచ్చినా అది చేతికి అందేలోపే చేయి మారుతుంది.

ఈ అలవాటుకు వేరు చాలా లోతుగా ఉంది. 1869లో మొదటి సాలార్‌జంగ్ ప్రధానిగా ఉండగా హైదరాబాద్‌లో మునిసిపల్ పరిపాలన మొదలైంది. మూసీకి దక్షిణాన చార్మినార్‌ను నడిబొడ్డుగా చేసుకున్న నగరాన్ని నాలుగు భాగాలుగా, నదికి అవతలి చాదర్‌ఘాట్ శివార్లను ఐదు భాగాలుగా విడగొట్టారు. అప్పటికి నగర విస్తీర్ణం 55 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు 3.5 లక్షలు. మునిసిపల్ సూపరింటెండెంటును వేశారు గానీ పెత్తనమంతా నగర పోలీసు అధిపతి అయిన కొత్వాల్ దగ్గరే ఉండేది. దొంగలను పట్టేదీ ఆయనే, వీధులు ఊడ్పించేదీ ఆయనే. పౌరుడు అడిగి చేయించుకునే సేవగా కాకుండా సర్కారు అదుపులో ఒక భాగంగా ఇక్కడ మునిసిపాలిటీ పుట్టింది. 1886లో చాదర్‌ఘాట్ వేరే అధికారి కిందికి వెళ్లి ప్రత్యేక మునిసిపాలిటీ అయింది. అప్పటి నుంచి ఒకే ఊరికి రెండు బతుకులు. కొత్త బంగళాలు, స్కూళ్లు, వకీళ్ల ఇళ్లు నదికి ఉత్తరాన వెలిశాయి. చార్మినార్ చుట్టూ పాత గల్లీలు, దేవిడీలు మిగిలాయి. ఈ రెండు మునిసిపాలిటీలూ మళ్లీ కలవడానికి 1933 దాకా పట్టింది.

ఇక్కడ ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. ఓట్లు లేని రోజుల్లోనే కదా ఈ నగరానికి అసలైన పనులు జరిగాయి, మేయర్ లేని లోటు ఏముంది అని అడిగేవాళ్లున్నారు. అడగడానికి తగిన కారణమే ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాదిమందిని మింగేసిన తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహా మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడి రోడ్లు వెడల్పు చేసింది, ఇరుకు బస్తీలను తీసేసి కొత్త ఇళ్లు కట్టింది. చార్మినార్ నుంచి మూసీ వైపు నడిస్తే రెండు పక్కలా ఒకే ఎత్తులో, ఒకే తీరు కమానులతో కనిపించే పత్తర్‌గట్టి రాతి దుకాణాల వరుస ఆ బోర్డు కట్టించినదే. ఇప్పటికీ అంత నిండైన బజారు వీధి ఈ నగరంలో మరొకటి లేదు. కానీ ఆ పనుల వెనుక ఉన్న బలం ఏమిటో చూడాలి. ఏడో నిజాం 1911లో గద్దెనెక్కి 1948 దాకా పాలించాడు. బోర్డుకు ఒకే యజమాని, ఒకే ఖజానా, పాతికేళ్లకు పైగా చెదరని ఒకే సంకల్పం. ఎన్నిక లేకపోవడం వల్ల ఆ పనులు జరిగాయని చెప్పడం కన్నా కొనసాగింపు ఉండటం వల్ల జరిగాయని చెప్పడమే న్యాయం. రాచరికం పోయాక ఆ కొనసాగింపును ఎన్నికైన నాయకత్వం అందుకోవాల్సింది. అదే జరగలేదు.

1933లో చాదర్‌ఘాట్ కలిసి హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ చట్టబద్ధంగా ఏర్పడింది, 1934లో తొలి ఎన్నికలు జరిగాయి. అయితే ఆ కార్పొరేషన్‌ది పరిమిత ఓటుహక్కు, పరిమితమైన స్వేచ్ఛ. 1942 వచ్చేసరికి ఆ చట్టబద్ధ హోదా కూడా తీసేశారు. పుట్టిన తొమ్మిదో ఏట సంస్థ నోరు మూతపడింది. తర్వాతి దశాబ్దాల్లో పదే పదే జరిగినదానికి ఇది మొదటి అచ్చు.

బ్రిటిష్ ఇండియాలో పరిస్థితి వేరు. అక్కడ మునిసిపాలిటీలు రాజకీయ నాయకులకు బడి అయ్యాయి. టంగుటూరి ప్రకాశం పంతులు రాజమండ్రి మునిసిపల్ చైర్మన్‌గా ప్రజా జీవితంలో నిలదొక్కుకున్నారు. సేలంలో రాజాజీ, అహ్మదాబాద్‌లో వల్లభ్‌భాయ్ పటేల్ పురపాలక సంఘాలకు అధ్యక్షులయ్యారు. 1924లో కలకత్తాకు చిత్తరంజన్ దాస్ మేయర్, సుభాష్ చంద్ర బోస్ ముఖ్య కార్యనిర్వహణాధికారి. మునిసిపల్ సభలో బడ్జెట్ చదవడం, కాంట్రాక్టు మీద ప్రశ్న వేయడం, ఎదుటి పక్షంతో రాజీ కుదుర్చుకోవడం నేర్చినవాళ్లే తర్వాత దేశాన్ని నడిపారు. నిజాం రాజ్యంలో అలాంటి బడి లేదు. బహిరంగ సభ పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలని శాసించే గస్తీ నిషాన్ 53 అమల్లో ఉండేది. మరి హైదరాబాద్ తొలి మేయర్ ఎక్కడ తయారయ్యారు? గ్రంథాలయాల్లో, సంఘాల్లో, ఒక ఆడపిల్లల స్కూలు కమిటీలో. మాడపాటి హనుమంతరావు జీవితం ఈ సంగతి చెబుతుంది.

మాడపాటి 1885లో కృష్ణా జిల్లా నందిగామ ప్రాంతంలో పుట్టి, సూర్యాపేటలో పెరిగి, హనుమకొండలో చదివి హైదరాబాద్ చేరారు. సర్కారు కొలువులో అనువాదకుడిగా పనిచేశారు, తర్వాత వకీలు అయ్యారు. తెలుగు, ఉర్దూ, ఫార్సీ, ఇంగ్లిషు నాలుగూ ఆయనకు కరతలామలకం. 1921 నవంబరులో నగరంలో జరిగిన సంఘ సంస్కరణ మహాసభ అందరికీ తెలిసిన ఘట్టం. మహర్షి కర్వే అధ్యక్షత వహించిన ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి మాట్లాడనివ్వలేదు. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కొద్దిమంది కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టారు. అవమానం నుంచి పుట్టిన సంఘాలు కోపం చల్లారగానే చల్లారిపోవడం మనం చూస్తూనే ఉంటాం. ఇది చల్లారలేదు. కారణం మాడపాటి వంటివారి పనితీరు. జిల్లాల్లో శాఖలు, గ్రంథాలయాలు, చందాల లెక్కలు, తీర్మానాలు, అధికారులకు అర్జీలు, ఇలా ఏళ్ల తరబడి సాగింది ఆ పని. వెట్టిచాకిరి మీద, చేతివృత్తులవాళ్లను పీడించిన మొహతర్ఫా పన్ను మీద చిన్న చిన్న పుస్తకాలు వేసి పంచారు. గ్రామంలో రైతు చేతిలో, వర్తకుడి చేతిలో పెట్టదగ్గ పుస్తకాలవి. చట్టం ఏం చెబుతోంది, అధికారి ఏం చేస్తున్నాడు, రెండింటికీ మధ్య తేడా ఎక్కడుంది అని విడమరచి చెప్పడమే వాటి పద్ధతి. నా దృష్టిలో పౌర నాయకత్వం అంటే ఇదే. హక్కు ఉందని చెప్పి ఊరుకోకుండా దాన్ని అడిగే దారి కూడా చూపించడం.

నారాయణగూడ బాలికల పాఠశాల సంగతి ఇంకా విలువైనది. 1928లో తెలుగు మాధ్యమంలో మొదలైన ఆ స్కూలు హైస్కూలు స్థాయికి ఎదిగేసరికి ఉర్దూ మాధ్యమం నడుస్తున్న రాజ్యంలో దాని పరీక్షలకు గుర్తింపు దొరకలేదు. మాడపాటి వాళ్లు స్కూలు మూసేయలేదు, మాధ్యమం మార్చలేదు, సర్కారుతో గొడవ పెంచుకోలేదు. పూనాలో కర్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి స్కూలును అనుబంధం చేశారు. తెలుగు మాట గేలికి గురైన సభకు అధ్యక్షత వహించిన కర్వే పెట్టిన సంస్థే తెలుగు ఆడపిల్లల చదువుకు నీడ ఇచ్చింది. రాజ్యం తలుపు మూసినచోట చట్టం లోపలే ఉండి మరో తలుపు వెతికే ఈ ఓపికకు అతివాదుల దగ్గర అప్పట్లో గౌరవం లేదు. మాడపాటి మితవాది, అర్జీల నాయకుడు అని పెదవి విరిచినవాళ్లున్నారు. ఆంధ్ర జనసంఘం నుంచి ఎదిగిన ఆంధ్ర మహాసభకు 1935లో సిరిసిల్లలో ఆయన అధ్యక్షత వహించిన తర్వాతి పదేళ్లలో ఆ సభ కమ్యూనిస్టుల చేతికి వెళ్లడం, మితవాదులు పక్కకు తప్పుకోవడం చరిత్రే. దొరల వెట్టి కింద నలిగిన రైతుకు అర్జీ చాలదన్న విమర్శలో బలం ఉంది, కాదనను. కానీ ఊరిని విముక్తం చేయడానికి కావలసిన గుణం వేరు, ఊరికి నీళ్లు, దీపాలు, బడి నడపడానికి కావలసిన గుణం వేరు. రెండోది మాడపాటి దగ్గర నిండుగా ఉంది.

1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. 1950లో వచ్చిన చట్టంతో హైదరాబాద్, సికింద్రాబాద్ రెండూ వేరువేరు కార్పొరేషన్లయ్యాయి. 1951లో మాడపాటి హైదరాబాద్‌కు ఎన్నికైన తొలి మేయర్. అప్పటికి ఆయన వయసు 66. సికింద్రాబాద్‌తో కలిపి పది లక్షలు దాటిన జనాభా, ఉర్దూ వాడుకలో ఉన్న పాత నగరం, అధికారం చేతులు మారిన గాయాలు ఇంకా పచ్చిగా ఉన్న కాలం అది. ఆంధ్రోద్యమ చరిత్ర రాసి ఆంధ్ర పితామహుడనిపించుకున్న మనిషి చార్మినార్ నగరానికి మేయర్ కావడం పైకి విడ్డూరంగా కనిపిస్తుంది. కానీ ఉర్దూ, ఫార్సీ సాహిత్యాలను ఇష్టంగా చదువుకున్న తెలుగువాడు అంతకన్నా తగినవాడు ఎక్కడ దొరుకుతాడు? ఒక భాష కోసం పోరాడటానికి మరో భాషను ద్వేషించక్కర్లేదని ఆయన బతుకే చెప్పింది. వరుసగా 1954 దాకా మేయర్‌గా ఉన్నారు. ఆ మూడేళ్లు ఆయన తర్వాతి చాలామందికి దక్కనివి. అయితే ఆ పదవి హద్దులు కూడా ఆయన హయాంలోనే బయటపడ్డాయి. 1952 సెప్టెంబరు మొదటి వారంలో స్థానికులకే ఉద్యోగాలు కావాలన్న ముల్కీ ఉద్యమం ఉధృతమై, చార్మినార్‌కు దగ్గర్లోని సిటీ కాలేజీ వద్ద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. నగరానికి ఎన్నికైన మేయర్ ఉన్నాడు, కానీ నగర పోలీసు ఆయన మాట వినే ఏర్పాటు ఎక్కడా లేదు. కొత్వాల్ రోజుల్లో వీధీ, లాఠీ ఒకరి చేతిలోనే ఉండేవి. వీధిని ప్రజలకు అప్పగించిన రోజున లాఠీని సర్కారు తన దగ్గరే ఉంచుకుంది. తర్వాత్తర్వాత భూమి, నీళ్లు, ఇళ్ల నిర్మాణం కూడా అదే దారిన పోయాయి.

మాడపాటి తర్వాత మొదలైన రివాజు ఏడాదికొక మేయర్. వచ్చినవాళ్లు తక్కువవాళ్లని ఎవరూ అనలేరు. 1957లో మేయరైన కృష్ణస్వామి ముదిరాజ్‌నే తీసుకోండి. ‘పిక్టోరియల్ హైదరాబాద్’ పేరుతో ఈ నగర భవనాలను, వీధులను, సంస్థలను, మనుషులను ఫొటోలతో సహా పెద్ద సంపుటాల్లోకి ఎక్కించినవాడాయన. ఈ ఊరి గురించి అంత తెలిసిన మనిషికి కుర్చీలో దక్కింది ఏడాది. కొత్త పాలకవర్గం ఒక బడ్జెట్ తయారు చేసి, దాని ఖర్చు చూసి, తప్పు దిద్దుకుని రెండో బడ్జెట్ వేయడానికి కూడా ఆ ఏడాది చాలదు. 1962లో మేయరైన రాణి కుముదినీదేవి ఈ నగరానికి తొలి మహిళా మేయర్. వనపర్తి సంస్థానపు కోడలైన ఆమె కుష్ఠురోగుల కోసం కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రం నెలకొల్పారు. అంటరానివారిగా వెలివేసిన రోగుల మధ్య దశాబ్దాల పాటు పనిచేసిన మనిషి ఆమె. నగర ఆరోగ్యానికి అంతకన్నా మంచి నాయకత్వం ఏముంటుంది? కానీ ఆమె సేవ నిలబడింది శివానందలోనే, మేయర్ గదిలో నిలబడే వీలు ఆ గదికే లేదు. 1965 ప్రాంతంలో మేయర్‌గా ఉన్న సరోజినీ పుల్లారెడ్డి తర్వాత శాసనసభకు వెళ్లారు. మాడపాటి శాసన మండలి చైర్మన్ అయ్యారు. పని తెలిసినవాళ్లు పై మెట్టుకు పోతూనే ఉన్నారు. బల్దియా మాత్రం ప్రతిసారీ మళ్లీ మొదటి పాఠం చదువుకుంది.

చట్టమే మేయర్‌ను బలహీనుడిగా రాసిందన్న వాదన ఇక్కడ ఎదురవుతుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 1955 నాటి హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం బొంబాయి 1888 చట్టం నమూనాలో వచ్చింది. కార్పొరేషన్ సభ, స్టాండింగ్ కమిటీ, కమిషనరు అనే మూడే చట్టం గుర్తించిన మునిసిపల్ అధికార కేంద్రాలు. కార్యనిర్వహణ అంతా ప్రభుత్వం నియమించే కమిషనరుది. 1960లో సికింద్రాబాద్‌ను కలిపి ఒకే కార్పొరేషన్ చేసినప్పుడు ఊరు పెద్దదైంది గానీ మేయర్ కుర్చీ పెద్దది కాలేదు. నిజమే. కానీ అదే బొంబాయి చట్టం కింద ఫిరోజ్‌షా మెహతా దశాబ్దాల పాటు ఆ నగర కార్పొరేషన్‌ను శాసించాడు. ఆయన ఆయుధం కార్యనిర్వహణ అధికారం కాదు. ఏ ఫైలు ఎందుకు వచ్చిందో, పదేళ్ల క్రితం ఏం తీర్మానించారో, కమిషనరు కన్నా ముందే ఆయనకు తెలుసు. కమిషనర్లు మారారు, మెహతా ఉన్నాడు. హైదరాబాద్‌లో ఇది తలకిందులైంది. కమిషనర్లూ మారారు, మేయర్లు ఇంకా వేగంగా మారారు. మారకుండా ఉన్నది సచివాలయం ఒక్కటే. అందుకే అధికారం అటే ప్రవహించింది. చట్టం మార్చాలనే మాటతో నాకు పేచీ లేదు, మార్చాల్సిందే. కాలం ఇవ్వకుండా అధికారం ఇస్తే అది మళ్లీ సచివాలయానికే చేరుతుందన్నది నా వాదన.

1970 తర్వాత జరిగింది చూడండి. పదహారేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఆ ఖాళీలోనే నగర రూపురేఖలు నిర్ణయమయ్యాయి. 1975లో హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) వచ్చి ప్లానింగ్ తీసుకుంది. 1981లో పాత నగరం కోసం కులీ కుతుబ్‌షా పట్టణాభివృద్ధి సంస్థ విడిగా వచ్చింది. 1989లో పాలకవర్గం ఉన్నప్పుడే మంచినీళ్లు, మురుగునీళ్లు మెట్రో వాటర్ బోర్డుకు వెళ్లాయి. ఒక్కో సంస్థ పుట్టుకకు ఒక్కో మంచి కారణం చెప్పారు, కొన్ని మంచి పనులూ జరిగాయి. అయితే శాలిబండలో కుళాయిలో మురుగు కలిసి వస్తే కార్పొరేటర్ దగ్గరికి పోయిన మనిషికి ఆయన చెప్పగలిగింది వాటర్ బోర్డుకు ఫోన్ చేస్తాననే. మాట పడేది ఎన్నికైనవాడు, పని చేతిలో ఉన్నది ఎన్నిక కానివాడు. ఈ ఏర్పాటులో జవాబుదారీతనం ఎవరిదో ఎవరికీ తెలియదు. పదహారేళ్ల పాటు అడిగే గొంతు లేకపోవడం వల్ల ఇలాంటి సంస్థలు వెలిసినప్పుడు బల్దియా తరఫున కాదనే అలవాటు కూడా పోయింది.

1986లో ఎన్నికలు పెట్టాక పాత నగరం బలంతో మజ్లిస్ (ఎంఐఎం) పెద్ద పార్టీగా వచ్చి, కాంగ్రెస్ మద్దతుతో మేయర్ పదవి చేపట్టింది. ఓట్లు పెడితే చార్మినార్ ప్రాంతం మతాల వారీగా చీలిపోతుందని, దానికన్నా అధికారి పాలనే నయమని అప్పుడూ ఇప్పుడూ చెప్పేవాళ్లున్నారు. ఆ ఐదేళ్ల రికార్డు ఆ మాటను అంత సులభంగా బలపరచదు. ముస్లిం పార్టీగా పేరున్న మజ్లిస్ కె. ప్రకాశరావు, ఎ. సత్యనారాయణ, ఆలంపల్లి పోచయ్య అనే ముగ్గురు హిందువులను మేయర్లుగా చేసింది. వారిలో పోచయ్య దళితుడు. మీర్ జుల్ఫికర్ అలీ కూడా ఆ రోజుల్లోనే మేయర్ అయ్యారు. ఎత్తుగడ అనే అనుకుందాం. ఎన్నికల లెక్కలే పార్టీలను తమ గోడ దాటి చూసేలా చేస్తాయని ఒప్పుకున్నట్టే కదా. 1990 డిసెంబరు అల్లర్లను ఆ పాలకవర్గం ఆపలేకపోయిందన్నది కూడా నిజం. పోలీసు ఎప్పటిలాగే దాని చేతిలో లేదు. ఇక్కడా అసలు లోపం ఏడాది రివాజే. ఐదేళ్లలో మేయర్లను మార్చుకుంటూ పోయారు. ఏ ఒక్కరినీ నగరం తన మేయర్‌గా గుర్తుపట్టే దాకా ఉంచలేదు. 1991లో గడువు తీరింది, మళ్లీ పదకొండేళ్లు ఎన్నిక లేదు. పట్టణ సంస్థలకు ఐదేళ్లకోసారి ఎన్నికలు తప్పనిసరి చేసిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చాక కూడా తొమ్మిదేళ్లు ఈ రాజధానికి పాలకవర్గం లేకపోవడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి.

2002లో జనమే నేరుగా మేయర్‌ను ఎన్నుకున్నారు. తెలుగుదేశం పార్టీకి చెందిన తీగల కృష్ణారెడ్డి గెలిచారు, 2007 దాకా ఆ పదవిలో ఉన్నారు. సభలో ఆయన పార్టీకి మెజారిటీ లేదు, 2004లో రాష్ట్రంలో ప్రభుత్వమూ మారింది. ప్రత్యక్ష ఎన్నికతో అన్నీ చక్కబడతాయన్న ఆశకు ఇది హెచ్చరిక. జనం ఓటు మేయర్‌కు బలం ఇస్తుంది, సభతో కలిసి పనిచేసే దారిని మాత్రం ఇవ్వదు. అయినా ఐదేళ్లు ఒకే మనిషి ఉన్నాడు, మంచికైనా చెడుకైనా అడగడానికి ఒక పేరు ఉంది. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిసి గ్రేటర్ హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ (జీహెచ్ఎంసీ) అయ్యాక మళ్లీ పాత పద్ధతే వచ్చింది. 150 డివిజన్లకు 2009లో జరిగిన ఎన్నికల తర్వాత కాంగ్రెస్, మజ్లిస్ పదవీకాలాన్ని పంచుకున్నాయి. బండ కార్తీకరెడ్డి 2012 మొదటి దాకా, తర్వాత మాజిద్ హుస్సేన్. చట్టం ఐదేళ్లు ఇచ్చినా పార్టీలే దాన్ని రెండు ముక్కలు చేసుకున్నాయి. 2016లో బొంతు రామ్మోహన్, 2021లో గద్వాల విజయలక్ష్మి మేయర్లయ్యాక పాలకవర్గాలకు కొంత స్థిరత్వం కనిపించింది.

ఈ విరుపుల ఖరీదు ఎంతో చార్మినార్ దగ్గరే కనిపిస్తుంది. కట్టడం చుట్టూ వాహనాలు ఆపి, రాతి పలకలు పరిచి, నడిచేవాళ్లకే వదిలేయాలన్న పథకం రెండు దశాబ్దాలకు పైగా సాగింది. ఆ కాలంలో ఎన్నికైన సభలు వచ్చాయి, పోయాయి, ప్రత్యేకాధికారులు వచ్చారు, పోయారు. గుల్జార్‌హౌజ్ నుంచి లాడ్‌బజార్ మలుపు దాకా తోపుడు బండి మీద గాజులు, ముత్యాల దండలు, పళ్లు అమ్ముకునేవాళ్లను ఎక్కడ కూర్చోబెట్టాలన్న ప్రశ్న ప్రతి కొత్త అధికారి ముందూ కొత్తగా వచ్చింది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఆ సంగతి తేల్చాల్సిన కమిటీకి అధ్యక్షుడు కమిషనరే. బండివాడి ఓటు అడిగే మనిషికి బండి ఎక్కడ పెట్టాలో చెప్పే హక్కు లేదు. చార్మినార్‌కు కూతవేటు దూరంలో సర్దార్ మహల్ ఉంది. ఆరో నిజాం 1900లో తన బేగం కోసం యూరోపియన్ తరహాలో కట్టించిన ఆ భవనాన్ని ఆస్తి పన్ను బకాయి కింద 1965లో కార్పొరేషన్ స్వాధీనం చేసుకుంది. బల్దియా ఆఫీసు అందులోనే చాలాకాలం నడిచింది. రాజు కట్టిన మహలు కూడా పన్ను కట్టకపోతే ఊరి సంస్థ చేతికి వస్తుందని చూపించిన ఆ చర్య ఒక స్వతంత్ర సంస్థ ధైర్యానికి గుర్తు. ఎన్నికైన సభ ఏటా కూర్చుంటున్న కాలంలో జరిగిన పని అది. వారసత్వ కట్టడంగా గుర్తింపు పొందిన అదే మహలు బాగోగులు పట్టించుకునేవాళ్లు లేక దశాబ్దాల పాటు శిథిలమవుతూ వచ్చింది.

జనానికే పట్టనప్పుడు మేయర్ గురించి ఇంత ఆరాటమెందుకని చివరి అభ్యంతరం. జీహెచ్ఎంసీ ఏర్పడ్డాక జరిగిన 2009, 2016, 2020 ఎన్నికల్లో పోలింగ్ ఒక్కసారీ సగం దాటలేదు, నిజమే. శాసనసభకు ఓటు వేసే మనిషి బల్దియాకు వేయడం లేదంటే ఓటు మీద విరక్తి అనుకోను. ఏ ఓటుతో ఏది మారుతుందో అతనికి బాగా తెలుసు. 1970కి ముందు ఓటు వేసినవాడు మళ్లీ వేయడానికి పదహారేళ్లకు పైగా ఆగాడు. అలా ఆపిన ప్రభుత్వాలు ఏ ఒక్క పార్టీవో కావు. రాజ్యాంగంలోని 243యూ అధికరణం మాత్రం స్పష్టంగా ఉంది: పాలకవర్గం ఐదేళ్ల గడువు తీరకముందే కొత్త ఎన్నిక పూర్తి కావాలి, మధ్యలో రద్దు చేస్తే ఆరు నెలల్లో జరగాలి. మేయర్‌కు ఏ అధికారాలు ఇవ్వాలన్న చర్చ తర్వాత చేద్దాం. బల్దియా ఎన్నిక గడువు ఏ రోజుతో ముగుస్తుందో తెలుసుకుని, ఆ రోజు దాటనివ్వబోమని చార్మినార్ మొదలు పటాన్‌చెరు దాకా ప్రతి ఓటరూ ముందుగానే అడగాలి.